ఇల్లు విడువని పునీతురాలు

భక్తిని గూర్చి మాటలాడునప్పుడు మన స్త్రీలు సాధారణముగా పలుకు మాట యొకటి కలదు: "మాకు తీరిక యెక్కడిది?" తెల్లవారకముందే లేచి, వాకిలి యూడ్చి, పాలు కాచి, పిల్లలను బడికి పంపి, అందరికిని వేళకు వడ్డించి, పెద్దవారి మందులు చూచి, నడుము వాల్చుదమనునంతలో వాకిట నెవరో పిలుతురు. సాయంకాలము దీపము పెట్టి చేతులు జోడించినప్పుడైనను మనస్సు పప్పులో ఉప్పు వేసితినా లేదా యను విచారముననే యుండును. ఇట్టి దినముల చివర "నేడును దైవమునకు నేనేమియు చేయలేదు" అను చింత పెక్కుమందిని బాధించుచున్నది. ఈ చింత పైకి చిన్నదిగా కన్పట్టును గాని నిజమునకు చిన్నది కాదు. భక్తి తీరిక గలవారి సొత్తని స్త్రీ యొకసారి నమ్మినచో, తన యాయువులో ముప్పాతిక భాగము దైవమునకు వెలియైనదని యొప్పుకొన్నట్లే. ఆ నమ్మకము సరికాదని మా యభిప్రాయము.

ఆరణ్యపర్వము చదివిన సోదరీమణులకు కౌశికుని కథ తెలియును. చెట్టు క్రింద వేదము చదువుకొనుచున్న ఆ బ్రాహ్మణుడు తనపై రెట్ట వేసిన కొంగను కోపదృష్టితో నేలగూల్చి, పిదప ఊరిలోనికి భిక్షకు వెళ్లెను. ఒక యిల్లాలు అతనిని నిలువుమని చెప్పి లోనికి పోవునంతలో భర్త ఆకలితో ఇల్లు చేరెను. ఆమె భర్తకు కావలసినవి సమకూర్చిన తరువాతనే భిక్ష తెచ్చెను. కౌశికునకు కోపము వచ్చెను. తాను కొంగను కానని ఆమె నెమ్మదిగా పలికి, ధర్మము తెలియగోరినచో మిథిలలో మాంసము విక్రయించు ధర్మవ్యాధుని కడకు పొమ్మనెను. చెట్టు క్రింద కూర్చున్నవానికి అబ్బని జ్ఞానము వంటయింటి గడప దాటని యిల్లాలికి అబ్బినదని మన పూర్వులు చెప్పిన కథ యిది. ఇది పురాణకథ మాత్రమే యని యెవరైన ననుకొందురేమో. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమందలి యొక గృహిణి ఇట్టి జీవితమునే గడపి చూపెను. ఆమె పేరు జెలీ మార్టిన్. కతోలిక క్రైస్తవులు నేడామెను పునీతురాలిగా గౌరవించుచున్నారు.

పునీతులనగా నెవరో యిచ్చట రెండు మాటలలో చెప్పుదుము. కతోలికులు పునీతులను దేవుండ్లుగా పూజింపరు. దేవుని యెదుట తమ కొరకు వేడుకొను పెద్దలుగా వారిని గౌరవింతురు. ఒకరిని పునీతులుగా ప్రకటించుటకు ముందు వారి నడవడిని, వ్రాతలను, తెలిసినవారి సాక్ష్యములను శ్రీసభ చాలకాలము విచారించును. వారి ప్రార్థన వలన జరిగినవని చెప్పబడు స్వస్థతలను వైద్యుల చేత పరీక్షింపజేయును. ఇట్లు ప్రకటింపబడినవారిలో వేదము కొరకు ప్రాణములిచ్చినవారు, మఠములను స్థాపించినవారు, గురువులు, కన్యాస్త్రీలు ఎక్కువ. సంసారము చేసినవారు తక్కువ. అట్టిది 2015 అక్టోబరు 18వ తేదీన రోము నగరమున ఫ్రాన్సిస్ పోపుగారు జెలీని, ఆమె భర్తయైన లూయీ మార్టిన్‌ను కలిపి ఒకే దినమున పునీతులుగా ప్రకటించిరి. ఆలుమగలను ఇట్లు జంటగా ప్రకటించుట అదియే మొదటిసారి.

జెలీ 1831 డిసెంబరు 23వ తేదీన జన్మించెను. కన్యాస్త్రీయై రోగులకు సేవ చేయవలెనని యౌవనమున ఆమె కోరిక. అలాన్సోన్ పట్టణమందలి యొక వైద్యశాలను నడపు కన్యాస్త్రీల కడకు వెళ్లి అడిగెను. మఠాధ్యక్షురాలు ఆమెను చేర్చుకొనలేదు. విచిత్రమేమన, లూయీకిని ఇట్లే జరిగెను. ఆల్ప్సు పర్వతములమీది మఠమున చేరబోగా, లాటిను భాష రాదన్న కారణమున ఆయనను త్రిప్పి పంపిరి. ఆయన గడియారములు బాగుచేయు వృత్తి నేర్చెను. ఆమె లేసు అల్లుట నేర్చెను. 1858 జూలై 13వ తేదీన వారికి వివాహమాయెను. దైవసేవకు తగిన చోటు మఠమొక్కటేయని తలచిన యిద్దరిని మఠము వలదన్నది. ఆ తలుపులు మూసికొన్న తరువాత మిగిలినది సంసారము. అందులోనే వారు వెదకుచున్నది వారికి దొరకినది.

అలాన్సోన్ లేసు లోకప్రసిద్ధము. మన పశ్చిమ గోదావరిలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల స్త్రీలు ఇంటి పనుల నడుమ లేసు అల్లుదురని మన పాఠకులెరుగుదురు. ఆ విద్యయు క్రైస్తవ మిషనరీల ద్వారా పందొమ్మిదవ శతాబ్దమున మన దేశమునకు వచ్చినదే. అయితే మనవారు కొక్కెపు సూదితో అల్లుదురు. అలాన్సోన్ స్త్రీలు కుట్టుసూదితోను సన్నని నూలుతోను అల్లుదురు. ఒక చదరపు సెంటీమీటరు అల్లుటకు 7 గంటల కాలము పట్టునని చెప్పుదురు. 2010లో యునెస్కో ఈ విద్యను మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది. ఒకే స్త్రీ మొత్తము లేసును అల్లదు. అనేకులు తమ తమ యిండ్లలో చిన్న చిన్న ముక్కలుగా అల్లగా, ఆ ముక్కలను అతుకు కనబడకుండ కూర్చుట వేరొక పని. జెలీ స్వయముగా చేయునది ఆ కూర్పు పనియే. అది మిగుల కష్టమైన పని.

ఆమె తన వ్యాపారమును 1853లో ప్రారంభించెను. పనివారికి నమూనాలిచ్చుట, నూలు పంచుట, తెచ్చిన పని సరిచూచుట, కూలి యిచ్చుట, లెక్కలు వ్రాయుట, పారిసునుండి వచ్చిన కోరికలను గడువునకు తీర్చుట, ఇవన్నియు ఆమెయే చేసెను. వ్యాపారము పెరిగిన కొలది లూయీ తన గడియారముల అంగడిని 1870లో విడిచి భార్యకు సహాయుడయ్యెను. నేటికిని భార్య సంపాదనకు చేదోడుగా నిలుచుట తమకు తక్కువయని తలచు పురుషులు కలరు. వారికి లూయీ నడవడి చెప్పదగినది. పనివారు జబ్బు పడినచో జెలీ తానే వెళ్లి చూచుచుండెను. దంపతులిద్దరును ప్రతిదినము తెల్లవారుజామున అయిదున్నర గంటల దివ్యబలిపూజకు వెళ్లుచుండిరి. ఆదివారమున బేరములెన్ని వచ్చినను అంగడి తెరువలేదు. ఆమె నియమిత ప్రార్థన యింతియే. మిగిలిన దినమంతయు పని.

సంసారమన్నచో కష్టములును ఉన్నవి. ఆమెకు తొమ్మండుగురు బిడ్డలు కలిగిరి. అందు నలుగురు పోయిరి. ఇద్దరు మగబిడ్డలును ఏడాది నిండకముందే కన్ను మూసిరి. ఒక ఆడుశిశువు రెండు మాసములకే గతించెను. ముద్దుముచ్చటలు నేర్చిన అయిదేండ్ల హెలెన్ 1870లో తల్లి చేతులలో ప్రాణము విడిచెను. పుట్టకుండిననే మేలుగదాయని ఓదార్చువారి మాట ఆమె సహింపలేకపోయెను. బిడ్డలు నశింపలేదనియు, మరల కలిసికొందుననియు ఆమె నమ్మిక. ఆ నమ్మిక దుఃఖమును లేకుండ చేయలేదు, దుఃఖములో ఆమెను నిలిపినది. ఆమె వ్రాసిన లేఖలు రెండువందలకు పైగా నేడు దొరకుచున్నవి. అందు దర్శనములు, పారవశ్యములు కానరావు. బిడ్డల దగ్గు, దాది చిక్కులు, నూలు ధర, పని గడువు, అర్ధరాత్రి దాటువరకు దీపము ముందు కూర్చున్న అలసట, వీనినడుమ దేవుని తలపు. మన తల్లులు అమ్మగారింటికి వ్రాయు ఉత్తరములకును వీనికిని తేడా యంతగా కనబడదు.

మూడవ కుమార్తెయగు లెయొనీని గూర్చి ఒక మాట చెప్పవలెను. ఆ పిల్ల చదువున వెనుకబడినది, మొండిది, పాఠశాలవారు నిలుపుకొనలేక యింటికి పంపివేసిరి. తల్లి ఎన్ని విధముల నచ్చజెప్పినను మాట వినలేదు. 1877లో అసలు సంగతి బయటపడెను. ఇంటిలో పెక్కేండ్లుగా నమ్మకముగా పనిచేయుచున్న పనిమనిషి ఆ పిల్లను చాటున భయపెట్టి, తానే యేలుచు, తల్లికి దూరము చేయుచుండెను. నాటికి జెలీ మరణమునకు చేరువగా నున్నది. తెలిసిన వెంటనే ఆ పనిమనిషి అధికారమును తీసివేసి, బిడ్డను తన ప్రక్క కూర్చుండబెట్టుకొని, మిగిలిన స్వల్పకాలమును ఆమెకే యిచ్చెను. లెయొనీ తల్లి మాటకు లొంగి మెత్తబడెను. తరువాత మూడుమార్లు మఠజీవితమున విఫలయై, చివరకు 1899లో కాన్ నగరమున కన్యాస్త్రీయై నిలిచి, 1941 వరకు జీవించెను. ఆమెను కూడ పునీతురాలిగా ప్రకటింపవలెనని 2015లో విచారణ ప్రారంభమైనది. చెప్పిన మాట వినని బిడ్డను కన్న తల్లులకు మేమీ సంగతిని ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

జెలీ జబ్బు సంగతియు దాచదగినది కాదు. 1865లోనే తన రొమ్మున గడ్డ యున్నదని ఔషధశాల నడపు సోదరునికి ఆమె వ్రాసెను. నాడు వైద్యము చేయించుకొనలేదు. 1876 చివర వైద్యుడు పరీక్షించునప్పటికి శస్త్రచికిత్సకు సమయము మించిపోయెను. 1877 జూనులో ముగ్గురు పెద్ద కుమార్తెలతో లూర్దు క్షేత్రమునకు వెళ్లి స్నానము చేసెను గాని స్వస్థత కలుగలేదు. ఆగస్టు 28వ తేదీన 45 ఏండ్ల వయస్సున కన్ను మూసెను. నేటి వైద్యమున రొమ్ము గడ్డను వేళకు చూపించుకొన్నచో ఎందరో బ్రతుకుచున్నారు. ఇంటి పనుల మరుగున మన దేహమునందలి గడ్డను దాచుకొనుట భక్తియు కాదు, త్యాగమును కాదు. జెలీని గౌరవించు స్త్రీ ఆమె కాలమున లేని యవకాశమును తన కాలమున వదలుకొనరాదు.

తల్లి పోవునప్పటికి కడగొట్టు పిల్ల తెరేసా నాలుగేండ్ల ఎనిమిది మాసములది. తండ్రి బిడ్డలను తీసికొని మేనమామ ఉన్న లిసియూ పట్టణమునకు మారెను. ఆ తెరేసాయే నేడు లోకమంతటను "చిన్న తెరేసమ్మ" యని పేరుపొందిన పునీతురాలు. 15 ఏండ్ల వయస్సున, 1888 ఏప్రిలు 9న, ఆమె కార్మెలు మఠమున చేరెను. 1897 సెప్టెంబరు 30న క్షయవ్యాధితో 24వ యేట మరణించెను. అక్కల కోరికపై ఆమె వ్రాసిన జీవితకథ మరుసటి యేట అచ్చై దేశదేశములకు వెళ్లినది. 1925లో ఆమె పునీతురాలిగాను, 1997లో శ్రీసభకు వేదాచార్యురాలిగాను ప్రకటింపబడెను. మఠము గోడ దాటని ఒక యువతికి ఇంత పేరు ఎట్లు వచ్చినది? తాను ఘనకార్యములు చేయలేననియు, చిన్న పనులను ప్రేమతో చేయుటయే తన మార్గమనియు ఆమె యెంచుకొనెను. అది తల్లి యింట చూచిన మార్గమే.

ఆ మార్గము ఎట్టిదో రెండు మూడు సంగతులు చెప్పిన తెలియును. మఠమున నడువలేని ముసలి కన్యాస్త్రీ ఒకరుండిరి. ప్రతి సాయంకాలము ఆమెను భోజనశాలకు తోడుకొనిపోవు పని తెరేసమ్మ యడిగి తీసికొనెను. త్వరగా నడచినచో పడిపోదునని ఆమె కసరుచుండెను, మెల్లగా నడచినచో పట్టుకొనలేదని సణుగుచుండెను. తెరేసమ్మ అన్నిటికిని ఓర్చి, ఆమెను కూర్చుండబెట్టి, ఆ వంకరచేతులకు రొట్టె కోసికొనుట కష్టమని చూచి, తానే కోసి యిచ్చి, చిరునవ్వు నవ్వి వెళ్లుచుండెను. ముసలిదానికి అన్నిటికంటె ఆ నవ్వే నచ్చినది. మరొకప్పుడు గుడ్డలుతుకు చోట ఎదుటి కన్యాస్త్రీ మురికినీరు మొగమున చిమ్ముచుండగా మొగము తుడుచుకొనక నిలిచెను. ప్రార్థన వేళ ప్రక్కనున్న కన్యాస్త్రీ చేయు చిన్న చప్పుడు చిరాకు కలిగింపగా, వెనుదిరిగి చూచుటకు మారు, ఆ చప్పుడునే సంగీతముగా భావించి దేవునికి సమర్పింప యత్నించెను. అత్తగారి సణుగుడు, ప్రక్కింటి రేడియో, పాత్రల చప్పుడు ఎరిగిన మన స్త్రీలకు ఈ మఠము దూరదేశమున నున్నట్లు తోచదు.

ఇంకొక సంగతి కలదు. ప్రార్థనలో కూర్చున్నప్పుడు ఏండ్ల తరబడి తెరేసమ్మకు కునుకు పట్టుచుండెను. అందుకు దిగులు పడక, నిద్రించు బిడ్డయు తల్లిదండ్రులకు ముద్దే గదాయని తన్ను తాను సమాధానపరచుకొనెను. 1896 వసంతమున వ్యాధి బయటపడిన తరువాత, సుమారు ఏడాదిన్నర పాటు, ఆమె మనస్సును గాఢాంధకారము క్రమ్మెను. పరలోకము లేదేమో యను తలపు ఆమెను వేధించెను. ఆనందము పోయెను, అనుభూతి పోయెను. ఐనను ప్రార్థన మానలేదు, చిరునవ్వు మానలేదు, ఎదుటివారికి చేయు ఉపకారము మానలేదు. పూజలో మనస్సు నిలువలేదని కుమిలిపోవు స్త్రీలు ఈ సంగతి నెరుగుట మంచిది. భక్తి మనస్సునకు కలుగు హాయి మాత్రమే యైనచో, ఆ యేడాదిన్నర కాలము తెరేసమ్మ భక్తురాలు కాదనవలసివచ్చును. మాట నిలుపుకొనుటయే భక్తియైనచో, ఆమెకు అంతకంటె గొప్ప కాలము లేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఓర్పు గొప్పదని చెప్పునప్పుడు దానిని పెద్దలు కోడండ్ర మీద బరువు మోపుటకు సాధనముగా వాడుకొందురు. పునీతుల కథ వినిపించి దెబ్బలు సహింపుమని చెప్పువారును ఉందురు. అది ఈ కథలకు అపార్థము. మురికినీటి తుంపరకు తెరేసమ్మ ఓర్చినది తన యిష్టమున, తన స్వేచ్ఛతో. ఒకరు బలవంతపెట్టినచో అది ఓర్పు కాదు, అణచివేతయే. జెలీ సంగతి చూడుడు. కన్యాస్త్రీల వేషము వేసికొన్న ఇద్దరు స్త్రీలు ఒక పేదపిల్లను చేరదీసినట్లు నటించి ఆకలితో మాడ్చుచుండగా, ఆమె ఊరకుండలేదు. అధికారులకు తెలిపి ఆ పిల్లను విడిపింపజేసెను. తన బాధను ఓర్చుకొను హక్కు ఎవరికైనను కలదు. మరియొకరి బాధను చూచుచు ఓర్చుకొను హక్కు ఎవరికిని లేదు.

ఇట్టి స్త్రీలు ఫ్రాన్సుననే యుండిరని తలపవలదు. గుంటూరు మండలమున ఫిరంగిపురములో 1822లో జన్మించిన జ్ఞానమ్మ యొక ఉపాధ్యాయుని భార్య, బిడ్డల తల్లి. భర్త గతించిన పిదప ఆమె బాలికలకు చదువు చెప్పుటకు పూనుకొని, పునీత అన్నమ్మ పేర కన్యాస్త్రీల సభకు పునాది వేసి, 1874లో గతించెను. ఆడుపిల్లలకు అక్షరములెందుకని అడుగు దినములవి. 2014లో శ్రీసభ ఆమెను "దైవసేవకురాలు" అను పేరుతో గౌరవించినది. పునీతత్వ విచారణలో అది మొదటి మెట్టు. భర్తను, బిడ్డలను, ఇంటి బరువును ఎరిగిన తెలుగు స్త్రీ ఆ మెట్టున నిలిచినదని తెలిసినప్పుడు, మతమేదైనను మన స్త్రీలకు సంతోషము కలుగకపోదు.

ఇక మనము చేయదగిన దేమి? పూజను విడువుమని మేము చెప్పుటలేదు. జెలీయు తెల్లవారుజామున బలిపూజకు వెళ్లక మానలేదు. తెరేసమ్మయు జపము మానలేదు. ఉదయమున రెండు నిమిషములైనను దైవమునకే విడిగా నిచ్చి, "నేటి పనియంతయు నీది" అని యొక్కసారి మనస్సున అనుకొందము. పిదప దినములో ఒక్క పనిని, అందులోను మనకు విసుగు పుట్టించు పనిని, ఎన్నుకొని దానిని ఎవరును చూడకున్నను చక్కగా చేయుదము. మంచమున నున్న పెద్దవారి పక్కగుడ్డ మార్చుట కావచ్చును, నాలుగవసారి అడుగు పిల్లవాని ప్రశ్నకు కసరక బదులు చెప్పుట కావచ్చును, పనిమనిషి జీతమును అడుగకముందే యిచ్చుట కావచ్చును. రాత్రి పడుకొనునప్పుడు తప్పులను లెక్కించుటతోబాటు ఆ యొక్క పనిని కూడ తలచుకొందము. ఒక దినము తప్పినచో మరునాడు మరల మొదలిడుదము.

అలాన్సోన్ లేసులో ఏ ముక్కను విడిగా చూచినను అది గోరంత. చేసిన స్త్రీకే దాని విలువ పూర్తిగా కనబడదు. మన దినములును అట్టి ముక్కలే. వంట యొకటి, బట్టలు ఒకటి, బిడ్డ జ్వరము ఒకటి, చెల్లింపవలసిన బాకీ యొకటి. వీనిలో ఏదియు దైవమునకు వెలి కాదని, వీనిని కూర్చుచేయి వేరొకటి కలదని నమ్మినచో, "నేడును ఏమియు చేయలేదు" అని దీపము ముందు తల వంచుకొని నిలువ పనిలేదు. చేసినదానినే ఆ దీపము ముందుంచి, తృప్తితో నిద్రింపవచ్చును.